యోగలక్ష్మికి రెండు చుక్కలు

ఇండూరు యోగలక్ష్మి అసూయపడడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్ళయిన మూడో రోజుకే ఆ విద్య పట్టుబడింది. కాళ్ళ పసుపు ఆరకముందే ఒక ముసలావిడ వచ్చి, ఆమె గడ్డం పట్టుకుని, "మా నారాయణసామికి కారిమంగళం రంగమ్మను అనుకుంటిమి. సొంత మేనమామ కూతురు. జాతకం కుదరక నువ్వు వచ్చినావు," అని చెప్పి, తమలపాకు నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ చెప్పిన మనిషి కాలం చేసి కూడా చాలా ఏళ్ళయింది. చెప్పిన మాట మాత్రం యోగలక్ష్మి కడుపులో ఈనాటికీ అరగలేదు.

ఇరవై ఆరేళ్ళుగా కారిమంగళం పేరు వింటే చాలు, ఆమె ముఖం మాడిపోతుంది. బస్సు నొసటన ఆ పేరు కనిపిస్తే తల పక్కకు తిప్పుకుంటుంది. పాపం, బస్సు ఏం చేసింది? కానీ అసూయకు ఇవన్నీ ఎక్కడ పడతాయి.

నారాయణసామి చింతచెట్ల బేరగాడు. కాయ చెట్టు మీద ఉండగానే కింద నిలబడి తలెత్తి చూసి, ఎంత దిగుబడి వస్తుందో కంటితోనే తూచి, ధర మాట్లాడుకోవడం అతని పని. చెట్టు మాట్లాడుకున్న ఇంట్లో చెయ్యి కడగకుండా లేచి రాకూడదని ఆ వైపు ఒక ఆనవాయితీ. కూర్చుని నాలుగు ముద్దలు తింటేనే బేరం ఖాయమైనట్టు. అలా తమిళ నేల మీది ఆ ధర్మపురి జిల్లాలో అతను తినని గడప లేదు. ఏ ఊళ్ళో ఎవరి సంగటి మెత్తన, ఎవరి ఉలవచారు చిక్కన అన్నది అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అయితే ఆ నోటి నుంచి మంచిమాట రావడం మాత్రం గగనం. చెట్టు విరగకాసి కొమ్మలు వంగిపోతున్నా, "ఏం కాయలే ఇవి, పెంకే గానీ పండే లేదు," అంటాడు. ఇంట్లో సంగటి పెడితే, "ఉప్పు ఒక పలుకు తక్కువ," అంటాడు. మర్నాడు ఉప్పు వేస్తే, "పులుపు ఒక రవ్వ ఎక్కువ," అంటాడు. ఎలా ఉందని అడిగి అడిగి యోగలక్ష్మికి విసుగు పుట్టింది. మొగుడిది బేరం నోరు, పెళ్ళాం వంటను కూడా చింతచెట్టులాగే బేరమాడతాడు అని సరిపెట్టుకుంది.

నిజానికి ఆమె వంట సామాన్యమైంది కాదు. మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, చిక్కుడులాంటి అనపకాయ వస్తే ఆమె చేసే పితికిపప్పు పులుసు ఇండూరంతా ఎరుగుదురు. గింజలు రాత్రే నీళ్ళల్లో పోసి, పొద్దున్నే అరుగు మీద కూర్చుని, ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలో పడుతుంది. శేరు గింజలు పితికేసరికి వేళ్ళు నానిపోయి ముడతలు పడతాయి. పుట్టినిల్లు మారండహళ్ళిలో, ఇప్పటికీ నలుగురికి వండిపెట్టే తల్లి దగ్గర నేర్చుకున్న పని అది. పక్క బడిలో పనిచేసే టీచర్లు నలుగురు ఆమె దగ్గర క్యారియర్లు కట్టించుకుంటారు. గిన్నెలు కడిగినట్టు ఖాళీగా వెనక్కి వస్తాయి. ముందుగదిలో రెండు బెంచీలు వేసి చిన్న మెస్ పెట్టాలని ఆమెకు ఎప్పటినుంచో ఆశ.

ఆ ఆశకు కాళ్ళు వచ్చినట్టు కవిప్రియ వచ్చింది. కవిప్రియ నారాయణసామి చెల్లెలి కూతురు. హోసూరులో ఏదో కంప్యూటర్ కంపెనీలో మూడేళ్ళు పనిచేసి, అది మానేసి, ధర్మపురిలో ఇంట్లోనే కూర్చుని ఒక యాప్ తయారు చేస్తోంది. దాని పేరు కైమణం. వంటచేసే చేతికి ఉండే గుణాన్ని తమిళంలో అలా అంటారు. హైవే పక్కన ఒకే మసాలాపొడితో ఒకే మాదిరి వండే హోటళ్ళు కాకుండా, ఇక్కడి నేలలో పండిందాన్ని ఇక్కడి చేతులు వండిపెట్టే చోటు ఎక్కడుందో సెల్‌ఫోన్‌లో చూపించే యాప్.

"ఏమే కోతీ, ఎండలో బండి మీద వస్తివా?" అని యోగలక్ష్మి ఎదురెళ్ళింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఆ పిల్ల ఎంత ముద్దుగా ఉండేదంటే, చూసినవాళ్ళందరూ దిష్టి తగలకూడదని కోతి అనీ కాకి అనీ అనేవాళ్ళు. ఆ పేరే మిగిలిపోయింది.

"అత్తా, ఇది చూడు," అని కవిప్రియ ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద ధర్మపురి జిల్లా పటం, దాని మీద చింతపండు రంగు గుర్తులు. ఒక గుర్తు మీద నొక్కితే ఒక పేజీ వస్తుంది. పేజీ పైన ఒక చెయ్యి బొమ్మ. "ముఖం ఫోటో అంటే అందరూ దిష్టి దిష్టి అంటా ఉండారు. చెయ్యి అంటే ఒప్పుకున్నారు. వండేది చెయ్యే గదా, అదే పెట్టేసినా."

"రుచి ఎట్ల ఉండాదో ఎవురు చెప్తారు?"

"మామ. ఇంకెవురు? నలభై చోట్ల తిని, ఒక్కొక్క దానికి ఐదు స్టార్‌లలో ఎన్ని ఇవ్వచ్చో, ఒక్క మాట, అంతే. ఫోన్లో చెప్తే నేను టైప్ చేసుకుంటా. అత్తా, నీ పేరు మొదట్లోనే వస్తాది చూడు, మెస్ పెట్టేయచ్చు."

యోగలక్ష్మి ఆ రోజు పసుపు రాసి చెయ్యి కడుక్కుని, పుట్టింటి గాజులు వేసుకుని ఫోటో తీయించుకుంది. నెల రోజుల పాటు ఆ చెయ్యే తన చెయ్యి అని మురిసిపోయింది.

ఆ మురిపెం ఒక బుధవారం పగలు పదకొండు గంటలకు తీరిపోయింది. కవిప్రియ ఆమె ఫోన్లోనే యాప్ ఎక్కించి ఇచ్చి, ఈ నెలాఖరుకు ఊరంతటికీ వదులుతాను, అందాకా నువ్వు చూసి తప్పులుంటే చెప్పు అని వెళ్ళింది. యోగలక్ష్మి కళ్ళజోడు పెట్టుకుంది. జాబితాలో మొట్టమొదట ఒక చెయ్యి కనిపించింది. సన్నటి చెయ్యి. కింద తమిళంలో, 'రంగమ్మ, సంత పక్కన, కారిమంగళం'. పక్కన పసుపుపచ్చగా ఐదు చుక్కలు. దాని కింద నారాయణసామి మాట. అందరూ తమిళ బళ్ళలో చదివినవాళ్ళే, తెలుగు అక్షరాలు ఆ ఇంట్లో ఎవరికీ రావు కాబట్టి తెలుగు మాటనే తమిళ అక్షరాలతో కవిప్రియ కొట్టింది. 'శానా బాగుంది. ఏమీ తక్కువ లేదు.'

ఆమె వేలితో కిందికి జరుపుతూ పోయింది. నాలుగు చుక్కలవాళ్ళు అయిపోయారు. మూడు చుక్కలవాళ్ళు అయిపోయారు. ఇంకా కిందికి, ఎవరూ అంతదాకా పోరు అన్నంత కిందికి పోతే, పసుపు రాసిన తన చెయ్యి కనిపించింది. రెండు చుక్కలు. 'ఉప్పు ఒక పలుకు తక్కువ.'

ఒళ్ళు భగ్గుమంది. ఇరవై ఆరేళ్ళుగా ఇంట్లో నాలుగు గోడల మధ్య అన్నాడు, పడింది. ఇప్పుడు ఊరంతా చూసే చోట, దానికి ఐదు, తనకు రెండు. అదీ ఉప్పు పేరు చెప్పి. వేళ్ళు ముడతలు పడేలా గింజలు పితికిపెట్టే పెళ్ళానికి ఒక మంచిమాట లేదు గానీ, జాతకం కుదరని మరదలికి మాత్రం ఏమీ తక్కువ లేదట. తక్కువ ఎందుకుంటుంది, సంత సంతకూ వెళ్ళి అక్కడ కూర్చుంటే? యోగలక్ష్మి ఫోన్‌ను బియ్యం డబ్బా మీద బోర్లించి పెట్టింది. అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ తీసి చూసింది. ఐదు ఐదుగానే ఉంది.

ఆ మధ్యాహ్నం పులుసులో ఆమె కావాలనే రెండు గుప్పిళ్ళ ఉప్పు కుమ్మరించింది. ఉప్పు తక్కువన్నావు గదా, తిను. నారాయణసామి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. తరువాత పళ్ళెం ఖాళీ చేశాడు. మూడు గ్లాసుల మజ్జిగ తాగాడు.

"ఎట్ల ఉండాది?" అని యోగలక్ష్మి నడుము మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"బాగుంది," అన్నాడు నారాయణసామి.

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. దానితో ఆమె మంట ఇంకా పెరిగింది. నోట్లో పెట్టుకున్నది ఉప్పో పప్పో కూడా తెలియడం లేదంటే ఈ మనిషి మనసు ఎక్కడుందో వేరే చెప్పాలా? నాలుక ఇక్కడ, మనసు కారిమంగళంలో. ఆమె గిన్నె కిందపెట్టిన చప్పుడుకు పక్కింటి కుక్క లేచి పోయింది.

ఆ వారమంతా ఆమె తిండి సరిగా తినలేదు. రోజుకు ఇరవైసార్లు ఆ యాప్ తెరిచి రంగమ్మ చేతిని చూసేది. గాజులు లేని చెయ్యి. రంగమ్మ మొగుడు పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి సంత పక్కన రేకుల కొట్టు వేసుకుని, సంగటీ పులుసూ అమ్ముకుని బతుకుతోంది. ఇదంతా యోగలక్ష్మికి తెలుసు. తెలిసినా జాలి పుట్టలేదు. మొగుడు లేని మరదలు ఇంకా ఎక్కువ భయం పెట్టింది.

సంత రోజు వచ్చింది. నారాయణసామి మారండహళ్ళి వైపు చెట్లు చూడడానికి పోయాడు. యోగలక్ష్మి టీచర్ల క్యారియర్లు కట్టి పంపేసి, మంచి చీర కట్టుకుని, ఇన్నేళ్ళుగా తల తిప్పుకున్న బస్సు ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా ఏమేం వంకలు పెట్టాలో వరసగా అనుకుంటూ పోయింది. అన్నీ కవిప్రియకు చెప్పి, ఆ ఐదు చుక్కలూ పీకించి రావాలి.

కొట్టు వెతుక్కోనక్కర్లేకపోయింది. నాలుగు బెంచీలు, ఒక పొయ్యి, పొయ్యి వెనక రంగమ్మ. ఎప్పుడో పెళ్ళిళ్ళలో దూరం నుంచి చూసిన మనిషి. ఇప్పుడు సగమైపోయింది. మోకాలికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"రా అక్కా," అంది రంగమ్మ, నిన్ననే కలిసి వెళ్ళినట్టు. "బావ రాలేదా?"

బావ అన్న ఆ ఒక్క మాట యోగలక్ష్మి చెవిలో నిప్పు పోసింది. "రాలేదు. నేనే తినిపోదామని వచ్చినా," అని బెంచీ మీద కూర్చుంది.

రంగమ్మ ఆకు వేసి, ముద్ద పెట్టి, పులుసు పోసింది. పోసి పక్కకు పోలేదు. గరిటె చేత్తో పట్టుకుని అక్కడే నిలబడి, తినే మనిషి ముఖంలోకి చూసింది. యోగలక్ష్మి ముద్ద తుంచింది. లోపల పిండి ఉండలు తగిలాయి. పులుసులో గింజలు తోలుతోనే ఉన్నాయి, పొడి మసాలా వాసన వేస్తోంది. ఇదా? ఈ సంగటికా ఐదు చుక్కలు? రెండో ముద్ద, మూడో ముద్ద. ఎక్కడా ఏమీ లేదు. చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. ఆకలికి తినే తిండి. సంత రోజున ఒక్క మనిషి నూరుమందికి వండితే ఇంకెట్లా ఉంటుంది?

"ఎట్ల ఉండాది అక్కా?"

బస్సులో వరసగా పేర్చుకొచ్చిన వంకలన్నీ నాలుక చివరే ఉన్నాయి. కానీ ఆ మోకాలి గుడ్డా, ఆ పట్టుకున్న గరిటే, ఆ చూపూ. యోగలక్ష్మి నోరు తనంతట తానే మాట్లాడింది.

"శానా బాగుంది రంగమ్మా."

"ఏమన్నా తక్కువైందా?"

"ఏమీ తక్కువ లేదు."

రంగమ్మ తల ఊపి, కొంగుతో గరిటె తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "బావ కూడా అట్లనే అన్నాడు. మాట మార్చకుండా ఇదే మాట. ఆ చిన్నది ఫోన్లో చూపించింది, అత్తా నీకు ఐదు అని. సంతోషమమ్మా అని పంపించేసి, ఇంటికి పోయి ఏడ్చినా అక్కా."

"ఏమిటికి ఏడ్చేది? ఐదు వస్తే?"

"మన ఇండ్లలో బాగున్నదాన్ని ఎవురన్నా బాగుందని అంటారా? దిష్టి తగలదా?" అంది రంగమ్మ. "మా అమ్మ వంట తిని మా నాయన ఒక్కదినం వంక పెట్టకుండా లేచినాడా? నీకు రెండంట. ఉప్పు ఒక పలుకు తక్కువన్నాడంట. అది విని నాకు కడుపు మండిపోయింది, ఏమీ అనుకోవద్దు. ఇన్నేండ్లుగా వస్తా ఉండాడు, తింటా ఉండాడు, నాకు ఒక్క వంక చెప్పకపాయె. ఒక పలుకు ఉప్పన్నా తక్కువని అనకపాయె."

యోగలక్ష్మి తుంచిన ముద్దను మళ్ళీ ఆకులోనే పెట్టింది. కోతీ అని తానే నోరారా పిలుచుకునే పిల్ల గుర్తుకొచ్చింది. రెండు గుప్పిళ్ళ ఉప్పు గుర్తుకొచ్చింది. మూడు గ్లాసుల మజ్జిగ తాగి అతను అన్న ఆ మొదటి 'బాగుంది' గుర్తుకొచ్చింది. ఊరందరి విషయంలో తెలిసిన సంగతి, రోజూ తన నోటితో తాను చేసే పని, మొగుడి విషయంలో మాత్రం ఆమెకు తట్టలేదు. తట్టనిస్తే గదా అసూయ.

ఆమె ముద్దంతా తిని, చెయ్యి కడుక్కుని, వెళ్ళబోతూ ఆగింది. "రంగమ్మా, పులుసులో పులుపు ఒక రవ్వ ఎక్కువైంది," అంది.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అయినా రంగమ్మ ముఖం విచ్చుకుంది. "సరి అక్కా, వచ్చే సంతకు తగ్గిస్తా," అంది.

మర్నాడు పొద్దున కవిప్రియ తల పట్టుకుని వచ్చింది. యాప్ చూడమని సేలం స్నేహితురాళ్ళకు ఇస్తే, వాళ్ళు ఐదు స్టార్‌ల చోట్లకే పోయి తిన్నారట. ఒక్కచోటా బాగాలేదని తిట్టి పంపారట. "ఎక్కడ తప్పు పోయిందో తెలియడం లేదు అత్తా. మామ నాలుక తప్పు చెప్పేది కాదే."

యోగలక్ష్మి గింజలు పితుకుతూ తల ఎత్తకుండా చెప్పింది. "మీ మామ ఐదిచ్చిన చోట తినొద్దని చెప్పు. వంక పెట్టిన చోటికి పోయి తినమను."

అర్థమయ్యాక కవిప్రియ అరుగు మీద అలాగే కూలబడి నవ్వింది. ఆ పూటే కూర్చుని చుక్కలన్నీ తీసేస్తానంది. వాటి స్థానంలో ఒక్క ప్రశ్న పెడతానంది: ఏమి తక్కువైంది? జాబితాను తలకిందులు చేసి, వంకలు ఉన్నవాళ్ళను పైకి తెస్తానంది. "అట్లయితే అత్తా, నువ్వు మొదటికొస్తావు. నాకు గుర్తుండేంతలో నీకంటే తక్కువ ఎవురికి ఇచ్చినాడు?"

ఆ మాటతో యోగలక్ష్మి చేతిలో గింజ జారింది. నిజమే, తన కింద ఎవరైనా ఉన్నారా? ఇన్నాళ్ళూ రంగమ్మను చూడడమే సరిపోయి, తన పేజీ దాటి కిందికి పోనేలేదు. తడిచేయి చీరకు తుడుచుకుని ఫోన్ తీసింది. తన చెయ్యి దాటింది. కింద ఇంకొకటి ఉంది. ఒకే ఒకటి. అన్నిటికంటే అడుగున, ఒక్క చుక్కతో.

మళ్ళీ ఎవరు? ఈసారి ఏ ఊరు? కళ్ళజోడు సరిచేసుకుని చూసింది. ముడతలు పడిన ముసలి చెయ్యి. ఏళ్ళ తరబడి గింజలు పితికి పితికి బొటనవేలి గోరు ఒక పక్కకు వంగిపోయింది. పేరు చదవనక్కర్లేదు. అది మారండహళ్ళి మారమ్మ చెయ్యి, తన తల్లి చెయ్యి. కింద నారాయణసామి మాట కాదు, మాటలు. 'ఉప్పు తక్కువ. పులుపు ఎక్కువ. సంగటి గట్టి. ముసలిదానికి ఇంక చేత కాదు.'

యోగలక్ష్మి ఆ నాలుగు వంకలూ రెండుసార్లు చదివింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటి వెనకాలే, ఆపుకుందామన్నా ఆగకుండా, పాత మంట మళ్ళీ లేచింది. అమ్మకు నాలుగు వంకలు. తనకు ఒక్కటి.

మధ్యాహ్నం నారాయణసామి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఆమె ముద్ద పెట్టి, పితికిపప్పు పులుసు పోసి, రంగమ్మలాగే గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది. అతను తింటున్నాడు. సగం అయ్యాక ఆమె అడిగింది.

"ఏమయ్యా, మా అమ్మకు ఒకటి, నాకు రెండా?"

అతని చెయ్యి ఆగింది. దొరికిపోయినవాడిలా తల ఇంకా కిందికి దించుకున్నాడు. పులుసులో వేలు ముంచి నాకాడు.

"నీకు ఇంకా వయసు ఉండాది గదా," అని పళ్ళెం ముందుకు జరిపాడు.

యోగలక్ష్మి రెండో ముద్ద పెట్టింది. ఎప్పుడూ పెట్టేదానికంటే కొంచెం చిన్న ముద్దే పెట్టింది.